ఆఫీసు దారికీ మట్టి బాటకీ ఒకే హెల్మెట్: సైకిలు తొక్కేవారు ఎంచుకోవలసిన పద్ధతి

సోమవారం నుంచి శుక్రవారం దాకా తారురోడ్డు మీద ఆఫీసుకూ, ఆదివారం తెల్లవారుజామున గండిపేట అవతలి మట్టి దారులకో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకో ఒకే సైకిలు మీద వెళ్ళే మనిషికి హెల్మెట్ కొనడం అనుకున్నంత తేలిక కాదు. దుకాణం గోడకు వేలాడే వాటిలో కొన్ని పోటీ సైకిళ్ళ కోసం చేసినవి, కొన్ని కొండ దారుల కోసం చేసినవి, కొన్ని గిన్నె బోర్లించినట్లు ఉండే నగర హెల్మెట్లు. రంగు నచ్చినదో, బరువు తక్కువదో, తగ్గింపు ఎక్కువ ఇచ్చినదో తీసుకుని బయటపడడం చాలామంది చేసే పని. మొదటిసారి నేనూ అదే చేశాను. ఆ హెల్మెట్ నుదుటి మీద నొక్కుతూ, కణతల దగ్గర వదులుగా ఊగుతూ, మూడు నెలలకే అటక ఎక్కింది. ఇక్కడ చెబుతున్న వరుస ఆ డబ్బు పోగొట్టుకున్నాక నేర్చుకున్నది: ముందు మీ దారి, తరువాత లోపలి ముద్ర, ఆ తరువాత మీ తల ఆకారం, మిగిలిన హంగులూ ధరా చివరికి.

ముందుగా, హెల్మెట్ లోపల జరిగేది

సైకిలు హెల్మెట్‌లో అసలు పని చేసేది పైన మెరిసే చిప్ప కాదు, లోపలి తెల్లటి లేదా నల్లటి నురుగు. దాని పేరు ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్ జాతిదే, కాకపోతే అంతకంటే గట్టిగా, సాంద్రంగా ఉంటుంది. తల నేలను తాకిన క్షణంలో ఈ నురుగు నలిగిపోతుంది. అలా నలగడానికి పట్టే ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో తల వేగం క్రమంగా తగ్గుతుంది కాబట్టి, మెదడుకు తగిలే కుదుపు చాలావరకు తగ్గుతుంది. పైచిప్ప దెబ్బను కాస్త వెడల్పుగా పంచుతుంది, నురుగు ముక్కలు కాకుండా పట్టి ఉంచుతుంది, రోడ్డు మీద తల చిక్కుకోకుండా జారనిస్తుంది. 1975లో అమెరికాలో బెల్ సంస్థ ఈ నురుగుతో సైకిలు హెల్మెట్ తెచ్చిన నాటి నుంచి ఆకారాలు ఎన్ని మారినా మూలసూత్రం ఇదే.

ఈ సూత్రం తెలిస్తే రెండు సంగతులు వాటంతటవే అర్థమవుతాయి. ఒకసారి నలిగిన నురుగు మళ్ళీ లేవదు కనుక హెల్మెట్ ఒక్క గట్టి దెబ్బకే పనికివస్తుంది. చేత్తో నొక్కి చూసి "ఇది గట్టిగా ఉంది, ఇదే మంచిది" అని తేల్చడంలో అర్థం లేదు, ఎందుకంటే నలగవలసిన చోట నలగని హెల్మెట్ దెబ్బను నేరుగా తలకే అందిస్తుంది.

మొదటి మెట్టు: మీ దారిని నిజాయితీగా లెక్కవేసుకోండి

ఒక కాగితం మీద గత నెలలో మీరు తొక్కిన దారులు రాయండి. వెళ్ళాలనుకున్నవి కాదు, వెళ్ళినవి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర కప్పు సైకిల్ ట్రాక్ మీద తిరిగేవారి అవసరం వేరు. అక్కడ నేల నున్నగా ఉంటుంది, మోటారు వాహనాలు ఉండవు, పై కప్పు నీడనిస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో తిరుగుతూ అప్పుడప్పుడు కైలాసగిరి ఎక్కేవారికి ఎక్కేటప్పుడు గాలి ఆడడం ముఖ్యం, దిగేటప్పుడు తల వెనుక రక్షణ ముఖ్యం. ఎర్రమట్టి, కంకర, బండరాళ్ళు కలిసిన దక్కన్ దారుల్లో ముందు చక్రం జారితే మనిషి పక్కకో వెనక్కో పడతాడు, పడిన చోట నేల చదునుగా ఉండదు.

ఈ తేడాలకు తగినట్లే హెల్మెట్ల ఆకారాలు ఉంటాయి. రోడ్డు హెల్మెట్ తేలికగా, పొడవాటి గాలి రంధ్రాలతో ఉంటుంది. వెనుక భాగం సాధారణంగా మెడకు కాస్త పైనే ఆగిపోతుంది. నగర హెల్మెట్‌కు రంధ్రాలు తక్కువ, కొన్నింటికి వెనుక ఎర్రదీపం ఉంటుంది. కొండ దారుల్లో వాడే ట్రెయిల్ హెల్మెట్ పెడతలను, కణతలను మరింత కిందికి కప్పుతుంది, ముందు చిన్న గొడుగులాంటి వైజర్ ఉంటుంది. గడ్డాన్ని కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ నిటారు కొండల నుంచి దూకుతూ దిగేవారి కోసం చేసినది. ఏప్రిల్ ఎండలో దాన్ని పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళమని శత్రువుకు కూడా చెప్పను.

రెండు రకాల దారుల్లో తిరిగేవారు ఒకటే కొనాలనుకుంటే, ఎక్కువసార్లు వెళ్ళే దారిని కాక, వెళ్ళే దారులన్నింటిలో కష్టమైనదాన్ని బట్టి ఎంచుకోవాలని నా అభిప్రాయం. మట్టి దారికి పనికొచ్చే హెల్మెట్ తారురోడ్డు మీద కాస్త బరువుగా, కాస్త వెచ్చగా అనిపిస్తుందేమో గాని రక్షణలో తక్కువ చేయదు. రోడ్డు హెల్మెట్ మాత్రం బండల మధ్య పడినప్పుడు పెడతలను వదిలేయవచ్చు. అందుకే ఆఫీసు, మట్టి దారి కలిసిన వాడకానికి వైజర్ ఊడదీయడానికి వీలున్న తేలికపాటి ట్రెయిల్ హెల్మెట్, లేదా ఈ మధ్య గ్రావెల్ సైకిళ్ళ (కంకర దారుల సైకిళ్ళ) పేరుతో వస్తున్న, వెనుక భాగం లోతుగా ఉన్న హెల్మెట్ సరిపోతుంది. పొదల మధ్య తుమ్మకొమ్మలు మొహానికి తగలకుండా వైజర్ కొంత ఆపుతుంది, ఉదయపు వాలు ఎండను కూడా అడ్డుతుంది; అయితే వంగి తొక్కే రోడ్డు సైకిలు మీద అది ఎదురు చూపుకు అడ్డం వస్తుంది కనుక ఊడేలా ఉండడం అవసరం. మట్టి దారికి ఏడాదికి రెండుసార్లు మాత్రమే వెళ్ళేవారు ఈ ఆలోచనంతా పక్కన పెట్టి మంచి రోడ్డు హెల్మెట్ కొనుక్కోవచ్చు.

రెండో మెట్టు: లోపలి ముద్రను చదవండి

హెల్మెట్‌ను తిరగేసి నురుగు మీదో పట్టీ మీదో అంటించిన కాగితం వెతకండి. మన మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు: యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 1078, అమెరికా ప్రమాణం సి.పి.ఎస్.సి. 1203. ఇ.ఎన్. పరీక్షలో హెల్మెట్ తొడిగిన నమూనా తలను దాదాపు 1.5 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడవేస్తారు. లోపలి తలకు తగిలే కుదుపు గురుత్వ త్వరణానికి 250 రెట్లు దాటకూడదు. 1999 నుంచి అమల్లో ఉన్న అమెరికా ప్రమాణంలో చదును దిమ్మె మీద పడే ఎత్తు 2 మీటర్లు, హద్దు 300 రెట్లు. రెండింటిలోనూ కాలిబాట అంచు లాంటి దిమ్మె మీద కూడా పరీక్షిస్తారు.

ఇక్కడ ఒక అపార్థం తొలగాలి. 2 మీటర్ల నుంచి పడిన తల నేలను తాకే వేగం గంటకు 22 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే అంతకంటే వేగంగా తొక్కితే హెల్మెట్ పనికిరాదని కాదు. సైకిలు ముందుకు వెళ్ళే వేగం వేరు, తల కిందికి పడే వేగం వేరు, నురుగు ముఖ్యంగా ఆపేది రెండోదాన్ని. కారు ఢీకొట్టిన సందర్భానికి మాత్రం ఈ పరీక్షలు ఏ హామీ ఇవ్వవు.

ఐ.ఎస్.ఐ. ముద్ర గురించి కూడా తికమక ఎక్కువ. మన ద్విచక్ర మోటారు వాహనాల హెల్మెట్లకు తప్పనిసరి అయిన ఐ.ఎస్. 4151 సైకిలు కోసం రాసిన ప్రమాణం కాదు. కిలోకు పైబడిన ఆ హెల్మెట్‌తో సైకిలు తొక్కితే మెడ నొప్పి, ఉక్కపోత, వెనుక వచ్చే బండి శబ్దం సరిగా వినపడకపోవడం మిగులుతాయి. దీనికి తలకిందులు ఇంకా ప్రమాదం: పావుకిలో సైకిలు హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ మీద వెళ్ళేవారు మన కూడళ్ళలో రోజూ కనిపిస్తారు, అది రక్షణా కాదు, చట్టానికి సరిపోయేదీ కాదు.

చిన్న పిల్లలకు కొనేవారు ఇ.ఎన్. 1080 అనే మరో ముద్రను గమనించవచ్చు. ఆట స్థలంలో నిచ్చెనకో కొమ్మకో హెల్మెట్ చిక్కుకుంటే పట్టీ గొంతుకు ఉరి కాకుండా, బలంగా లాగినప్పుడు తనంతట తానే విడిపోయే బకిల్ దానికి ఉంటుంది. ఏ ముద్ర ఉన్నదైనా సరే, సైకిలు దిగి ఆడుకునేటప్పుడు పిల్లల తల నుంచి హెల్మెట్ తీసేయించాలి.

ముద్ర ఏదీ లేని హెల్మెట్‌ను ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పెట్టె మీద రాసి లోపల లేకపోయినా అంతే.

మూడో మెట్టు: తల కొలత, తల ఆకారం

ఎక్కువ సమయం పెట్టవలసిన మెట్టు ఇది, ఎందుకంటే సరిగా కూర్చోని హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా పడే క్షణంలో పక్కకు జరిగిపోతుంది. దర్జీ వాడే గుడ్డ టేపు తీసుకుని, కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన, చెవులకు కాస్త ఎగువగా, తల వెనుక ఉబ్బెత్తు భాగం మీదుగా చుట్టి కొలవండి. టేపు లేకపోతే దారంతో చుట్టి ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. రెండు మూడు సార్లు కొలిచి వచ్చిన పెద్ద అంకెను తీసుకోండి. చాలా కంపెనీల పట్టికల్లో మీడియం సుమారు 55 నుంచి 59 సెంటీమీటర్లకు, లార్జ్ 59 నుంచి 63కు ఉంటుంది, కాని ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా విభజిస్తుంది కనుక కొనబోయే హెల్మెట్ పట్టికనే చూడాలి. మీ కొలత రెండు సైజుల సరిహద్దులో పడితే రెండూ పెట్టి చూడండి. వెనుక డయల్ పూర్తిగా బిగిస్తే గాని నిలవనిది మీకు పెద్దది.

చుట్టుకొలత ఒకటే అయినా ఆకారం ఒకటి కాదు. కొందరి తల పైనుంచి చూస్తే కోడిగుడ్డులా ముందు వెనుకలకు పొడవుగా ఉంటుంది, కొందరిది కొబ్బరికాయలా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి తలకు పొడవాటి హెల్మెట్ పెడితే కణతల దగ్గర నొక్కి, నుదుటి దగ్గరా వెనుకా ఖాళీ మిగులుతుంది; పొడవాటి తలకు గుండ్రటిది పెడితే నుదుటి మీద ఎర్రటి గీత పడి, పక్కల వేలు దూరేంత సందు ఉంటుంది. నా మొదటి హెల్మెట్ చేసినది ఈ రెండోది. డయల్ ఈ లోపాన్ని సరిచేయలేదు; అది లోపలి ప్లాస్టిక్ పట్టీని బిగిస్తుందే గాని నురుగు ఆకారాన్ని మార్చదు. కాబట్టి ఒక కంపెనీది కుదరకపోతే అదే కంపెనీలో పెద్ద సైజు అడగకుండా వేరే కంపెనీది పెట్టి చూడండి.

పెట్టుకుని చూసేటప్పుడు ఈ వరుస పాటించండి.

1. డయల్‌ను పూర్తిగా వదులు చేసి, హెల్మెట్‌ను నేలకు సమాంతరంగా పెట్టుకోండి. ముందు అంచు కనుబొమ్మలకు ఒకటి రెండు వేళ్ళ పైన ఉండాలి. సినిమా హీరో టోపీలా వెనక్కి వాల్చి పెట్టుకుంటే నుదురు పూర్తిగా బయటపడుతుంది.

2. డయల్ బిగించి, గడ్డం పట్టీ పెట్టకుండానే తలను నెమ్మదిగా ముందుకూ పక్కలకూ ఊపండి. హెల్మెట్ జారకుండా, నుదుటి చర్మంతో కలిసి కదలాలి.

3. పక్కపట్టీలు రెండూ చెవి కింద ఆంగ్ల అక్షరం "వై" ఆకారంలో కలవాలి, చెవి మీదుగా పోకూడదు.

4. బకిల్ పెట్టి గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు దూరేంత చోటు ఉంచండి. నోరు పెద్దగా తెరిచి ఆవులించినట్లు చేస్తే హెల్మెట్ మాడు మీదికి లాగబడుతున్నట్లు తెలియాలి.

5. అరచేతితో ముందు అంచును పైకీ వెనక్కీ నెట్టండి. నుదురు సగం కనిపించేంత జరిగితే పట్టీలు సరిచేసి మళ్ళీ చూడండి. అప్పటికీ జరిగితే ఆ హెల్మెట్ మీది కాదు.

6. దుకాణంలోనే పది నిమిషాలు తల మీద ఉంచుకుని తిరగండి. నొప్పి పెట్టే చోటు మొదటి నిమిషంలో తెలియదు, ఎనిమిదో నిమిషంలో తెలుస్తుంది.

కళ్ళజోడు ఉన్నవారు జోడుతోనే చూడాలి. వెనుక బిగించే పట్టీ జోడు కాడలను చెవి మీద నొక్కకూడదు. పొడవాటి జడ వేసుకునేవారికి డయల్ కింద జడ బయటికి వచ్చే సందు ఉన్న హెల్మెట్లు దొరుకుతాయి. కొప్పు లేదా పైకి కట్టిన జుట్టు మీద పెట్టిన హెల్మెట్ మాత్రం తల మీద కాక జుట్టు మీద కూర్చుంటుంది. రోజూ ఎలా జుట్టు కట్టుకుంటారో అలాగే కట్టుకుని దుకాణానికి వెళ్ళడం మంచిది. పిల్లల విషయంలో చొక్కా కొన్నట్లు "ఎదుగుతాడులే" అని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు. హెల్మెట్ దగ్గర ఈ పొదుపు చెల్లదు.

నాలుగో మెట్టు: మిప్స్ అవసరమా?

పైన చెప్పిన పరీక్షలన్నీ తల నిలువుగా పడినట్లు భావించి చేసేవి. నిజానికి సైకిలు మీద నుంచి పడినప్పుడు తల ఏటవాలుగా నేలను తాకి ఒక్కసారిగా మెలి తిరుగుతుంది, మెదడుకు ఆ మెలి కూడా హాని చేస్తుంది. స్వీడన్‌కు చెందిన నాడీ శస్త్రవైద్యుడు హాన్స్ ఫాన్ హోల్స్ట్, పరిశోధకుడు పీటర్ హాల్డిన్ ఈ సమస్య మీద పనిచేసి మిప్స్ అనే ఏర్పాటు తెచ్చారు. హెల్మెట్ లోపల, తలకు ఆనుకుని ఒక పలుచటి జారే పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది తలను హెల్మెట్ లోపల 10 నుంచి 15 మిల్లీమీటర్లు జరగనిచ్చి మెలి తీవ్రతను కొంత తగ్గిస్తుంది. గుర్తుపట్టడానికి సాధారణంగా లోపల పసుపు రంగు పొరో, చిన్న పసుపు చుక్కో ఉంటుంది. ఇదే ఉద్దేశంతో తేనెపట్టు గదుల్లాంటి నిర్మాణాలు వాడే వేవ్‌సెల్ వంటివి కూడా ఉన్నాయి.

మట్టి దారిలో పడేవారికి ఏటవాలు దెబ్బలే ఎక్కువ కనుక, డబ్బు అనుమతిస్తే ఈ పొర ఉన్నదాన్నే తీసుకోమంటాను. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ హెల్మెట్ ప్రయోగశాల 2018 నుంచి సైకిలు హెల్మెట్లను ఏటవాలు దెబ్బలతో పరీక్షించి, ఐదు నక్షత్రాల దాకా స్థాయి ఇచ్చి ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. నక్షత్రాలు ఎక్కువైతే మంచిది, వాటి పక్కన ఇచ్చే స్కోరు అంకె మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిది. ఆ పట్టికలో కొన్ని మధ్యస్థ ధర హెల్మెట్లు అత్యంత ఖరీదైన వాటికంటే పైన ఉంటాయి. అదనంగా చెల్లించే డబ్బులో చాలాభాగం బరువు తగ్గించడానికీ గాలి ప్రవాహానికీ పోతుందని గుర్తుంచుకోవాలి. అయితే మిప్స్ ఉండి సరిగా కూర్చోనిది, మిప్స్ లేకపోయినా అచ్చు దిగినట్లు కూర్చున్నది, ఈ రెండే ఎదురుగా ఉంటే నేను రెండోదాన్ని తీసుకుంటాను.

ఐదో మెట్టు: ఎండ, చెమట, కొబ్బరి నూనె

వేడి వల్ల హెల్మెట్ వద్దనడం ఇక్కడివారి మాటే కాదు. 2003 మార్చిలో పారిస్–నీస్ పోటీలో పడి కజకిస్తాన్ రైడర్ ఆంద్రేయ్ కివిలెవ్ మరణించాక అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం హెల్మెట్‌ను తప్పనిసరి చేసినప్పుడు, మొదట్లో చివరి కొండ ఎక్కుడులో తీసేయడానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇప్పటి హెల్మెట్లు ఆ ఇబ్బందిని చాలా తగ్గించాయి, కాని రంధ్రాల సంఖ్యను చూసి మోసపోకండి. ముందు రంధ్రం నుంచి వెనుక రంధ్రం దాకా నురుగులో లోతైన కాలువలు ఉంటేనే గాలి తల మీదుగా పారుతుంది. హెల్మెట్‌ను తిరగేసి ఆ కాలువలను వేలితో తడిమి చూడండి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్ళేవారికి ఏ హెల్మెట్‌లోనూ గాలి అంతగా ఆడదు కనుక, నుదుటి దగ్గర చెమట పీల్చే మందపాటి ప్యాడ్ అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్యాడ్లు ఊడదీసి ఉతుక్కునేలా, విడిగా కొనడానికి దొరికేలా ఉండాలి. తలకు నూనె పెట్టుకుని హెల్మెట్ పెట్టుకుంటే ప్యాడ్లు జిడ్డెక్కి, నెలలోపే వాసన పట్టి, హెల్మెట్ జారడం మొదలవుతుంది. నూనె రాత్రి పెట్టి పొద్దున తలంటుకోవడం మేలు. రెండు జతల ప్యాడ్లు మార్చి మార్చి వాడితే వానాకాలంలో కూడా పొడివి ఉంటాయి.

కొన్నాక

చల్లటి నీరు, మెత్తటి సబ్బు, గుడ్డ, ఇవి తప్ప మరేవీ హెల్మెట్ మీద వాడకండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ నురుగును తినేస్తాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది కనుక అది చల్లుకున్న చేతులతో హెల్మెట్‌ను ముట్టుకోవద్దు. మే నెలలో మూసిన కారు అద్దం కింద, డిక్కీలో వదిలేస్తే ఆ వేడికి నురుగు, జిగురు చెడిపోతాయి. పట్టీతో సైకిలు హ్యాండిల్‌కు తగిలించి మెట్రో స్టేషన్ దగ్గర వదిలేయడం కూడా మంచి అలవాటు కాదు. పక్క బండి ఒరిగినా దెబ్బ తగిలేది దానికే.

పడినప్పుడు తల నేలకు తాకితే, బయటికి పగులు కనిపించకపోయినా హెల్మెట్ మార్చాలి. పడకపోయినా, లోపలి కాగితం మీద తయారైన నెల, సంవత్సరం చూసి దాదాపు ఐదేళ్ళకు మార్చడం చాలా తయారీదార్ల సలహా; అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఐదు నుంచి పదేళ్ళ అవధి చెబుతుంది. మన చెమట, ఎండ, రోజూ వాడకం చూస్తే నేను తక్కువ అంకె వైపే మొగ్గుతాను. ఆన్‌లైన్‌లో భారీ తగ్గింపుతో వచ్చేవి కొన్నిసార్లు గోదాములో ఏళ్ళ తరబడి ఉన్నవి కావచ్చు, అందుకే పెట్టె తెరవగానే ముందు ఆ తేదీ చూసి, పై ఆరు పరీక్షలూ చేసి, కుదరకపోతే గడువులోగా వెనక్కి పంపండి. ఇతరులు వాడినది మాత్రం కొనవద్దు, అది ఎన్నిసార్లు కింద పడిందో దాన్ని చూసి చెప్పలేం.

దెబ్బ తిన్న హెల్మెట్‌ను పారేసే ముందు పట్టీలు కత్తిరించి, నురుగును రెండుగా విరవండి. లేకపోతే చెత్తకుప్పలో అది ఎవరికో బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది, మరునాడు ఎవరో పిల్లవాడి తల మీదికి చేరుతుంది.